హాస్యకారుల ఆత్మనివేదనము

భరతముని హాస్యరసమును ఆత్మస్థమనియు, పరస్థమనియు రెండు తెఱగులుగా విభజించెను. తాను నవ్వుట మొదటిది; ఇతరులను నవ్వించుట రెండవది. ఇతరులను నవ్వించుచు నవ్వించుచు నడుమ నాగి, తన మనస్సునకు జబ్బు చేసినదనియు, చాలకాలముగా దానిని దాచి నవ్వించుచున్నాననియు సభవారితో చెప్పు హాస్యకారుని గూర్చి ఆ విభాగము చేసినవారు తలంచి యుండరు. గడచిన పదునైదేండ్లలో అట్టివారు అనేకులు బయలుదేరిరి. వారి రంగస్థలము నాటకశాల కాదు. పడకగదిలో నిలిపిన కెమెరాయే వారి రంగస్థలము. చేతిలోని ఫోనులే వారి ప్రేక్షక మండపము. పదునాఱు, పదునెనిమిదేండ్ల ప్రాయమున యూట్యూబున చిలిపి పాటలతోను, వెక్కిరింతలతోను మొదలిడి, లక్షలమందిని నవ్వించి, ముప్పదియేండ్లు నిండకమునుపే క్రుంగుబాటును గూర్చియు, కారణము తెలియని భయమును గూర్చియు, వైద్యుని గడప త్రొక్కిన దినమును గూర్చియు దాపఱికము లేక మాటాడ నారంభించిరి.

మన యిండ్లలోని యువజనులు వీరిని వినుచున్నారు. పెద్దలలో కొందఱు దీనిని ఏడ్పుల వ్యాపారమని తీసివేయుచున్నారు. పిన్నలలో కొందఱు, కంట నీరు కనబడినది గనుక ఇంతకు మించిన సత్యము లేదని నమ్ముచున్నారు. కృతిని చూడకయే యిచ్చిన తీర్పులుగా ఈ రెండును మాకు తోచుచున్నవి. నవ్వించువాడు తన బాధను చెప్పుకొనినంత మాత్రమున అది మంచి రచన కాజాలదు. దానివలన రాబడి వచ్చినంత మాత్రమున అది బూటకమును గాదు. ఎట్లు చెప్పెనో చూడవలెను. కావున ఇంగ్లండు దేశీయుడగు డేనియల్ హవెల్, అమెరికా దేశీయుడగు బో బర్నహామ్ అను నిరువుర కృతులను ముఖ్యముగా గైకొని, మాకు తోచిన గుణదోషములను విన్నవింతుము.

అంతకుమున్ను మన నవ్వును గూర్చి ఒకమాట. ఆంధ్రదేశమున సంఘసంస్కరణమునకు హాస్యము చేసిన మేలు ఈ పత్రిక చదువరులకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. వీరేశలింగం పంతులుగారి ప్రహసనములు మూఢాచారములను, లంచగొండితనమును నవ్వి దులిపివేసినవి. 1892లో మొదట ప్రదర్శింపబడి, 1909లో మఱల వ్రాయబడిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము ఆ పని నింకను లోతుగా జేసినది. ఆ నవ్వు బలవంతుని మీది నవ్వు. ఇతరులకు కీడు చేయువాని మీది నవ్వు. కాని మన వినోదములలో సంస్కరింపబడని నవ్వు మఱియొకటి నిలిచిపోయినది. అది మతి చెడినవాని మీది నవ్వు. హైదరాబాదులోని ఎర్రగడ్డయందును, విశాఖపట్టణములోని చినవాల్తేరునందును ప్రభుత్వ మానసిక చికిత్సాలయములు గలవు. ఎందఱో రోగులకు ఆశ్రయమైన ఆ ఎర్రగడ్డ పేరు మన చలనచిత్రములలోను, స్నేహితుల పరిహాసములలోను తిట్టుగా మాఱినది. పిచ్చాసుపత్రి ఘట్టము పెట్టి, ఒకడు తలపై చిప్ప బోర్లించుకొని తిరుగుచుండగా మనము పకపక నవ్వుదుము. ఆ నవ్వు విని పెరిగిన పిల్లవాడు తనకు నిద్ర పట్టని దినము వచ్చినప్పుడు ఎవరితో చెప్పుకొనగలడు?

ఈ ప్రశ్న మాటవరుసకు వేసినది కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16 సంవత్సరములలో పండ్రెండు రాష్ట్రములందు జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో నున్నారని తేలినది. రుగ్మతను బట్టి నూటికి 70 మొదలు 92 మంది వఱకు చికిత్స పొందుట లేదనియు ఆ నివేదిక తెల్పినది. వైద్యుల కొఱత దీనికి ముఖ్య కారణమే గాని, సిగ్గు చిన్న కారణము కాదు. ఆ సిగ్గును పెంచిన పాపములో హాస్యమునకు పాలున్నది. అందుచేత హాస్యకారుడే వచ్చి తాను చికిత్స పొందుచున్నానని చెప్పుటలో ఋణము తీర్చుకొనుట వంటిది కొంత గలదని మేము తలంచుచున్నాము.

ఈ మార్గమును త్రొక్కినవారిలో ముందుగా చెప్పదగినవాడు అమెరికా హాస్యకారుడు మార్క్ మారన్. అతడు 2009 సెప్టెంబరులో ప్రారంభించి, 2025 అక్టోబరు వఱకు నడపిన పాడ్‌కాస్టులో అధికభాగము లాస్ ఏంజిల్సులోని తన యింటి కారుషెడ్డులో కూర్చుండియే జరిపెను. తోటి హాస్యకారులను పిలిచి, వారి పరిహాసములను గాక, వారి త్రాగుడును, వారి ఓటములను, వారి భయములను గూర్చి అడిగెడివాడు. 2010లో రాబిన్ విలియమ్సు ఆ పాడ్‌కాస్టున తన త్రాగుడును గూర్చియు, క్రుంగుబాటును గూర్చియు చెప్పెను; ప్రాణము తీసికొనవలెనన్న తలంపు ఒకప్పుడు తనకు కలుగగా, తనకును తన అంతరాత్మకును జరిగిన వాదమును ఒక చిన్న ప్రహసనము వలె నటించి వినిపించెను.

2014 ఆగస్టులో విలియమ్సు ఆత్మహత్య చేసికొనినపుడు లోకమంతయు ఒక్కటే పాట పాడెను: నవ్వించువాడు లోలోపల ఏడ్చుచుండుననుట. వినుటకు ఇంపుగా నుండు మాట యిది. కాని శవపరీక్షలో అతని మెదడున లూయీ బాడీ వ్యాధి విస్తారముగా వ్యాపించియున్నట్లు బయలుపడినది. అది మెదడును క్రమముగా చెఱచు వ్యాధి. జ్ఞప్తి తప్పుట, మాటలు గుర్తుండకపోవుట, కారణము లేని భయము మున్నగునవి దాని లక్షణములు. అతని భార్య 2016లో నాడీవైద్యుల పత్రికయందు ఈ సంగతిని వివరముగా వ్రాసెను. "ఏడ్చు విదూషకుడు" అను పాత కథ మనకు ఎంత ప్రియమైనదనగా, నిజము తెలిసిన పిమ్మటను దానిని విడువలేకున్నాము. ఈ కథవలన రెండు కీడులు గలుగుచున్నవి. హాస్యకారుని బాధ అతని వృత్తికి సహజమైన అలంకారమై పోవుచున్నది. నవ్వించుట చేతకాని సామాన్యుని బాధకు ఏ గౌరవమును లేకుండ పోవుచున్నది. ఇప్పుడు మేము చెప్పబోవు ఇరువురి కృతులను ఆ కథకు లోబడినవా, దానిని త్రోసివేసినవా అని చూచుట న్యాయము.

డేనియల్ హవెల్ 1991లో జన్మించెను. మాంచెస్టరు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదువబోయి, అది సరిపడక విడిచెను. 2009 నుండి యూట్యూబున తన యబ్బురపాటులను, సభాపిఱికితనమును, సోమరితనమును తానే వెక్కిరించుకొనుచు పేరు గాంచెను. నడవలో నేలపై బోర్లపడి, "మనమెందుకు పుట్టితిమి" అని చింతించుట అతని పరిహాసములలో మాటిమాటికి వచ్చు ఘట్టము. దానిని జూచి కౌమారవయస్సు పిల్లలు విరుగబడి నవ్విరి. 2017 అక్టోబరులో అతడు "డేనియల్ అండ్ డిప్రెషన్" అను వీడియోను వెలువరించి, తనకు క్రుంగుబాటు వ్యాధి యున్నదనియు, దానికి సహాయము పొందితిననియు చెప్పెను. పాత వీడియోలను మఱల చూచినవారికి నేలపై బోర్లపడిన ఆ ఘట్టము అప్పటినుండి వేఱొక తీరున కనబడినది.

ఈ వీడియోయందు మేము మెచ్చునది అతని ధైర్యమునకన్న అతని నేర్పు. విషయము మాఱినది గాని అతడు కంఠము మార్చలేదు. దుఃఖమును సూచించు వాద్యము లేదు, మసక వెలుతురు లేదు, గద్గదస్వరము లేదు. పూర్వమువలెనే వాక్యమునకును వాక్యమునకును నడుమ విరామమును కత్తిరించి, పూర్వమువలెనే తన్ను తాను దెప్పుకొనుచు, క్రుంగుబాటు వట్టి దుఃఖము కాదని, ఏమియు అనిపించకపోవుట గూడ అందొక భాగమని చెప్పెను. దుఃఖము గలవాడు ఏడ్చును. ఏమియు అనిపించనివాడు స్నానము మానును, ఉత్తరములకు జవాబు వ్రాయడు, మంచము దిగడు. ఇంటివారికి అది సోమరితనముగా కనబడును. తన సోమరితనమును వెక్కిరించి ఇన్నేండ్లు నవ్వించినవాడే వచ్చి, దానిలో కొంత వ్యాధి యని చెప్పినందున ఆ మాట నాటినది. వైద్యుడు చెప్పియుండినచో నాటియుండదని మేమనము గాని, ఆ పిల్లలు వైద్యుని ఉపన్యాసమును వినియుండరు.

2019 జూనులో అతడు వెలువరించిన వీడియో ఇంచుమించు ముప్పాతిక గంట నిడివి గలది. తాను స్వలింగప్రియుడనని అందు వెల్లడించుటయే గాక, బడిలో తోటిపిల్లలు తన్ను హింసించిన తీరును, యౌవనారంభమున ప్రాణత్యాగమునకు యత్నించిన సంగతిని చెప్పెను. ఎట్లు యత్నించెనో వర్ణించుటకు గాక, ఎట్టి హింస తన్నచ్చటికి నెట్టెనో చెప్పుటకు అతడు నిడివిగా మాటాడెను. ఈ తూకము మెచ్చదగినది. మనస్సు జబ్బును కేవలము లోపలి విషయముగా చెప్పువారు బడిని, వీధిని, ఇంటిని నిర్దోషులుగా విడిచిపెట్టుదురు. హవెల్ విడువలేదు. సంస్కరణము కోరు చదువరులు ఈ భాగమును తప్పక గమనింపవలెను.

అతడు 2021లో వ్రాసిన "యూ విల్ గెట్ త్రూ దిస్ నైట్" అను గ్రంథమును గూర్చి మాకంత మెప్పు లేదు. ఈ రాత్రి, రేపు, ఆ తరువాతి దినములు అని మూడు భాగములుగా విభజించుట చక్కని యూహ. ప్రాణసంకటములో నున్నవానికి జీవితతత్త్వము అక్కఱలేదు. ఈ రాత్రి గడచుట ఎట్లో తెలియవలెను. మనశ్శాస్త్రవేత్త సహాయముతో వ్రాసినందున చెప్పిన ఉపాయములు నమ్మదగినవి. అయినను వీడియోలో ప్రాణము పోసిన పరిహాసము అచ్చుపుటలో బెరుకుగా నున్నది. ఒక పేరాలో ఊపిరిని నెమ్మదిగా తీయుటను నేర్పి, మఱుక్షణమే తన యుపదేశమును తానే వెక్కిరించుకొనినందున, చదువువాని మనస్సు ఎచ్చటను నిలువదు. నవ్వు మానిన యెడల పాఠకుడు పోవునేమో యన్న హాస్యకారుని పాత భయము ఇచట పనిచేసినదని మా యభిప్రాయము.

ఆ భయము వెనుక లెక్కలు గూడ గలవు. యూట్యూబు సంస్థ 2007లో ప్రకటనల రాబడిలో కృతికర్తలకు పాలు పంచు పద్ధతి నేర్పఱచెను. 2012లో, ఎందఱు తెఱచి చూచిరన్న లెక్కకన్న ఎంతసేపు చూచిరన్న లెక్కకు ప్రాధాన్యమిచ్చునట్లు తన సిఫారసుల పద్ధతిని మార్చెను. రెండు నిమిషముల వెక్కిరింతకన్న గంటసేపటి సంభాషణము మేలని కృతికర్తలు కొందఱు గ్రహించుటకు వైరాగ్యమే కారణమని చెప్పుట కష్టము. ప్రతివారమును ఏదో యొకటి వెలువరింపకున్న మఱచిపోదురన్న భయము వారిని పగలును రాత్రియు తఱుముచుండును. టొరాంటోలోని పంజాబీ కుటుంబమున పుట్టి, మనవంటి తలిదండ్రుల ధోరణిని అనుకరించి ప్రపంచమును నవ్వించిన లిల్లీ సింగ్, ఎనిమిదేండ్లు ఎడతెగక వీడియోలు చేసిన పిమ్మట 2018 నవంబరులో అలసిపోతినని చెప్పి కొంతకాలము విరమించెను. ఆ సంవత్సరమే మే నెలలో కెనడాకు చెందిన ఎల్ మిల్సు అను పందొమ్మిదేండ్ల బాలిక, తాను కోరినదంతయు చేతికి వచ్చినను సుఖము లేకున్నదని చెప్పుచు, తాను భయముతో విలవిలలాడిన దృశ్యములను సైతము చూపెను. ఆ వీడియో చూచినపుడు మాకు కలిగిన జాలిలో కొంత జంకు గూడ కలిసియున్నది. ఏడ్పు వచ్చిన క్షణమున చేయి కెమెరాను తడవుకొనుట యేమి యలవాటు? ఆమెను నిందింపము, పందొమ్మిదేండ్ల పిల్లకు ఆ యలవాటు చేసిన వృత్తిని నిందింతుము. 2022లో ఆమె ఆ వృత్తిని విడిచెను. అదియును ఒక చికిత్సయే కావచ్చును.

బో బర్నహామ్ ఈ చిక్కునంతటిని తన కృతికి వస్తువుగా గైకొనినాడు. అందుచేతనే అతడు వీరందఱిలో నుత్తముడని మేము నిస్సంశయముగా చెప్పుదుము. మసాచుసెట్సు రాష్ట్రములోని హామిల్టనులో 1990లో పుట్టిన యీతడు పదునాఱవ యేట, 2006 డిసెంబరులో, తన పడకగదిలో పియానో వాయించుచు పాడిన కొంటెపాటను అన్నకు చూపుట కొఱకు యూట్యూబున నుంచెను. అచటినుండి నాటకశాలలకు పోయెను. 2016లో వెలువడిన "మేక్ హ్యాపీ" ప్రదర్శనము చివర ఒక పాట గలదు. చిరుతిండి డబ్బాలో చేయి పట్టకపోవుటను గూర్చిన వట్టి అల్లరిగా అది మొదలగును. ప్రేక్షకులు నవ్వుచుండగనే, తన్ను నవ్వించుమని కూర్చున్న ఈ జనమనిన తనకు ప్రేమయు భయమును గూడ గలవన్న మాటగా అది మాఱును. ఆ మార్పు ఎచ్చట జరిగెనో మాకు మూడుమార్లు చూచినను తెలియలేదు. ఆ ప్రదర్శనము తరువాత అతడు రంగస్థలమును విడిచెను. వేదికపై నిలిచినపుడు ఊపిరాడక, గుండె కొట్టుకొని, ప్రాణము పోవునన్నంత భయము కలుగుచుండుటయే కారణమని పిమ్మట చెప్పెను. 2018లో "ఎయిత్ గ్రేడ్" అను చలనచిత్రమునకు దర్శకత్వము వహించి, ఆ భయమును ఒక పదుమూడేండ్ల బాలిక మీద పెట్టి చూపెను. అది వేఱొక వ్యాసమునకు తగిన వస్తువు.

2021 మే 30వ తేదీన నెట్‌ఫ్లిక్సున వెలువడిన "ఇన్‌సైడ్" గంటన్నరకు కొంచెము తక్కువ నిడివి గలది. కరోనా కాలమున ఒక్క గదిలో, ఒక్కడే వ్రాసి, పాడి, దీపములు సవరించి, చిత్రీకరించి, కూర్చిన కృతి యిది. ఆ సంవత్సరమే దర్శకత్వమునకు, రచనకు, సంగీతమునకు మూడు ఎమ్మీ బహుమతులను పొందెను. గడ్డము పెరుగుచుండును, గదిలో తీగలు చిక్కుపడుచుండును. ముప్పదియవ యేడు నిండు క్షణమునకై గడియారమును చూచుచు అతడొంటరిగా కూర్చుండును. ఇదంతయు ఉన్నదున్నట్లు పట్టిన దినచర్య యని భ్రమపడరాదు. పెరిగిన గడ్డము నటునకు వేషమువంటిది. దానిని దాచకుండుట ఈ కృతియందలి నిజాయితీ. అంతర్జాలమును గూర్చి సంతలో గారడివాని కంఠముతో పాడిన పాట ఒకటి చాలును, అతని హాస్యశక్తి యేమాత్రమును తగ్గలేదని తెలియుటకు.

రెండు ఘట్టములను గూర్చి కొంచెము విరివిగా చెప్పవలసియున్నది. మొదటిదానిలో అతడు తన పాటను తానే చూచుచు దానిపై వ్యాఖ్యానించును. పాట ముగిసిన వెంటనే ఆ వ్యాఖ్యానమే తెరపైకి వచ్చును, దానిపై మఱల వ్యాఖ్యానించును, దానిపై మఱల. తన తప్పును తానే ముందుగా చెప్పుకొనినచో ఇతరులు విమర్శింపజాలరన్న తెలివిని అతడు నాలుగు పొరలుగా విప్పి, ఆత్మవిమర్శ చేసికొనినంత మాత్రమున దోషము పోదని తేల్చును. ఆత్మనివేదనమును వృత్తిగా గొన్నవారందఱికిని ఇది అద్దము వంటిది. నవ్వు వచ్చును, వెంటనే నోరు మూతపడును.

రెండవ ఘట్టమున అతడు కెమెరా వైపు తిరిగి, ప్రాణము తీసికొనవలెనని తలంచువారిని వలదని వేడుకొనును. చక్కని మాటలే. కాని తనకును అప్పుడప్పుడు బ్రతుకవలెనన్న కోరిక యుండదని ఆ మాటలలోనే జాఱవిడుచును. అంతలో దృశ్యము వెనుకకు జరుగును. ఈ యుపదేశమంతయు గదిలో కూర్చున్న మఱియొక బర్నహామ్ తొడిగిన తెల్లచొక్కా మీద వెలుగుచున్న బొమ్మయని తెలియును. చెప్పువాడును అతడే, వినువాడును అతడే. వినువాని మొగమున ఏ మార్పును లేదు. మంచిమాట నోట వచ్చుట వేఱు, అది చెవిని దాటి లోనికి పోవుట వేఱు. ఈ యెడమును చొక్కామీది బొమ్మతో చూపినవాడు బర్నహామొక్కడే.

ఇందు దోషము లేదని మేమనము. సహాయము దొరకు చోటు ఈ కృతిలో ఎచ్చటను లేదు. ఐదేండ్లు వేదిక విడిచి మనస్సును కుదుట పఱచుకొని, తిరిగి రాదలచిన 2020 సంవత్సరమున లోకమంతయు తలుపులు మూసికొనవలసి వచ్చెనని అతడు చెప్పును గాని, ఆ యైదేండ్లు మనస్సు నెట్లు కుదుట పఱచుకొనెనో చెప్పడు. హవెల్ చెప్పును. కళలో బర్నహామ్ మిన్నయైనను, ఒంటరిగా రాత్రి మేలుకొనియున్న పిల్లవాని చేతికి ఏది యియ్యవలెనని అడిగినచో మేము హవెల్ వీడియోనే యిత్తుము. రెండు కొలతలును వేఱు. ఒకదానితో నొకటి కలుపరాదు.

ఈ రెండవ కొలతకు శాస్త్రాధారము గూడ గలదు. వియన్నా పరిశోధకులు ఆస్ట్రియా దేశపు పత్రికలను పరిశీలించి 2010లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఆత్మహత్యలను గూర్చి పత్రికలు మాటిమాటికి వ్రాసిన కాలమున అట్టి మరణములు హెచ్చుగా కనబడుటయు, ఆ తలంపు కలిగియు దానిని దాటివచ్చినవారి కథలను ప్రకటించిన పిమ్మట తగ్గుదల కనబడుటయు వారు గమనించిరి. దీనికి పపగీనో ప్రభావమని పేరు పెట్టిరి. 1791లో మోజార్టు కూర్చిన "మ్యాజిక్ ఫ్లూట్" అను సంగీతనాటకములో పిట్టలుపట్టువాడు పపగీనో. ప్రేయసి దక్కదని ప్రాణము తీసికొనబోగా ముగ్గురు బాలురు వచ్చి వేఱొక యుపాయము జ్ఞప్తి చేయుదురు. ఆ నాటకమున అతడు హాస్యపాత్రము! శాస్త్రజ్ఞులు వీరుని పేరో, ముని పేరో గాక విదూషకుని పేరు పెట్టవలసి వచ్చుట మాకు వింతగాను, ప్రియముగాను తోచినది. గమనింపవలసినది మఱియొకటి గలదు. పపగీనో తన దుఃఖమును పాడుకొనుటచేత గాక, ఎవరో వచ్చి మాటాడుటచేత బ్రతికెను.

మన దేశమున చట్టము ఈ విషయమున సంఘముకన్న ముందు నడచినది. 2018 మే 29 నుండి అమలునకు వచ్చిన మానసికారోగ్య చట్టము, ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో నున్నవాడని భావింపవలెననియు, శిక్షింపరాదనియు నిర్దేశించినది. 2022 అక్టోబరులో ప్రభుత్వము టెలిమానస్ అను పేరున 14416 సంఖ్యగల ఉచిత ఫోను సహాయము నేర్పఱచినది. అందు తెలుగున మాటాడవచ్చును. సంఖ్య యున్నది. దానికి ఫోను చేసినవాడు మొదటి వాక్యమున ఏమి చెప్పవలెను?

ఇది భాషకు సంబంధించిన చిక్కు. హవెల్‌కును, బర్నహామ్‌కును ఉన్న సౌలభ్యము, వారు నవ్వించిన భాషయు, బాధ చెప్పుకొనిన భాషయు ఒక్కటే యగుట. మన తెలుగున మాటలు లేకపోలేదు. బెంగ గలదు, దిగులు గలదు, గుబులు గలదు. తెలంగాణమున రంది యనియు, మనాది యనియు చక్కని మాటలు గలవు. మనాదితో మంచము పట్టెనన్నప్పుడు మనస్సునుండి దేహమునకు పాకిన వ్యాధి యంతయు ఆ యొక్క మాటలో నిమిడియున్నది. అయినను చదువుకొన్న మన పిల్లలు వీనిని అవ్వల మాటలని విడిచి, "డిప్రెషన్" అనుచున్నారు. ఆ మాట విన్న తండ్రికి ఎర్రగడ్డ జ్ఞప్తికి వచ్చును. మనాది యన్నచో తన తల్లి జ్ఞప్తికి వచ్చియుండును. మన హాస్యకారులలో ఎవరైన ఈ మార్గమున నడువదలచినచో, వారు మొదట చేయవలసినది ఈ మాటలను నవ్వులోనికి తెచ్చి, అచటినుండి సంభాషణములోనికి దించుట యని మాకు తోచుచున్నది. మాండలికము పలుకుటయే హాస్యమనుకొనువారికి ఇది చేతగాదు.

"ఇన్‌సైడ్"ను మేము మొదట ఇంటివారితో గూడి చూచితిమి. మేము నవ్విన చోట్ల పిన్నలు మాటాడక కూర్చుండిరి. వారు నవ్విన చోట మాకు నవ్వు రాలేదు. చిత్రము చివర అతడు గది తలుపు తెఱచి వెలుపలికి వచ్చును. వెలుపల దీపపు వెలుగు అతనిమీద పడును, కనబడని జనము నవ్వును, అతడు తిరిగి లోనికి పోవుటకు తలుపు లాగును, అది రాదు. ఆ తలుపు మా మనస్సున చాలదినములు నిలిచినది. రెండు గదుల యింట ఐదుగురు, ఆఱుగురు కాపురముండు మన పట్టణములలో పిల్లవానికి మూసికొనుటకు తలుపు లేదు. చెవులలో పెట్టుకొను ఇయర్‌ఫోనులే వాని తలుపు. ఆ తలుపు వెనుక, ప్రపంచమున కావలివైపున నున్న అపరిచితుడు తన బాధను చెప్పుచుండగా వాడు గంటసేపు వినును. తల్లి అన్నమునకు పిలిచినపుడు దానిని తీసి వచ్చి కూర్చుండును. విన్నదంతయు ఇంగ్లీషున విన్నాడు. చెప్పవలసినది తెలుగున చెప్పవలెను. ఏమిరా, అట్లున్నావని ఆమె యడుగును. తలనొప్పిగా నున్నదని చెప్పి, సగము తిన్న కంచము వద్దనుండి లేచిపోవును.